కథలన్నీ కంచికే వెళ్తాయి కదా, మరి కంచికి మనం ఎలా వెళ్లాలి

చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లకి కంచి అంటే రెండే పనులు. ఒకటి పెళ్లికి పట్టుచీరలు, రెండోది కామాక్షి దర్శనం. ఊరు 75 కిలోమీటర్లే కాబట్టి పొద్దున్నే బయల్దేరి, దర్శనం చేసుకుని, చీరల కొట్లో మూడు గంటలు కూర్చుని, చీకటి పడేలోగా ఇంటికొచ్చేస్తాం. "కథ కంచికి, మనం ఇంటికి" అని అమ్మమ్మలు ముగించిన కథల సంగతేమో గానీ, కంచి సొంత కథలు మాత్రం ఒక్కటీ వినకుండానే తిరిగొస్తున్నాం. పల్లవులు వందల ఏళ్లు రాజధానిగా ఏలిన ఊరు అది. మన కృష్ణానది ఒడ్డు దాకా ఆజ్ఞలు పంపిన ఊరు. దాన్ని చీరల బజారుగా చూసి వచ్చేయడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. అందుకే ఒక్క రోజులో కంచిని రాజధానిగా ఎలా చూడాలో, ఏ గోడ దగ్గర ఆగాలో, ఏ కథ ఎక్కడ చెప్పుకోవాలో రాస్తున్నాను.

ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి, రోజంతా పనికొస్తుంది. కంచిలో రాజుల గురించి రెండు గొంతులు వినిపిస్తాయి. శాసనాల్లో రాజు తన గురించి తానే చెప్పుకుంటాడు, గెలిచాను, కట్టాను, దానమిచ్చాను అని. జనం చెప్పుకునే కథల్లో అదే రాజు ఎవరో ఒక పేద భక్తుడి ముందు తల వంచుతాడు. ఒకటి నిజం, ఇంకోటి కట్టుకథ అని కొట్టిపారేయకండి. ఎప్పుడు ఏం జరిగిందో తెలియాలంటే శాసనాన్ని అడగాలి, ఆ రాజుని ఊరు ఎలా గుర్తుపెట్టుకుందో తెలియాలంటే కథని అడగాలి. ప్రతి గుళ్లోనూ ఈ రెండూ విడివిడిగా అడుగుతూ వెళ్లండి, పిల్లలు పక్కన ఉంటే వాళ్లచేత కూడా అడిగించండి.

బయల్దేరే ముందు రోజు ఓ అరగంట పెట్టుకుని నాలుగు పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు: మహేంద్రవర్మ, అతని కొడుకు నరసింహవర్మ, ఆ తర్వాత రాజసింహుడు, చివరికి నందివర్మ. మొదటి ఇద్దరూ ఏడో శతాబ్దంలో, తర్వాతి ఇద్దరూ ఎక్కువగా ఎనిమిదో శతాబ్దంలో. వీళ్లకి వంశపారంపర్యంగా వచ్చిన శత్రువులు బాదామి చాళుక్యులు. రెండో పులకేశి మహేంద్రవర్మని కంచికి దగ్గర్లోనే ఉన్న పుళ్లలూర్ దాకా తరుముకొచ్చాడు. నరసింహవర్మ ఆ కసి తీర్చుకుంటూ 642లో వాతాపిని, అంటే బాదామిని పట్టుకున్నాడు. అక్కడ బండ మీద అతని శాసనం ఇప్పటికీ ఉంది. మామల్లపురానికి ఆ పేరు వచ్చింది కూడా మహామల్లుడనే ఇతని బిరుదు వల్లే.

పల్లవులు మనకి పరాయివాళ్లు కాదు. వాళ్ల శాసనాల్లో చాలా పాతవి దొరికింది మన పల్నాడు, గుంటూరు ప్రాంతాల్లోనే. నరసరావుపేట దగ్గర మైదవోలులో దొరికిన రాగిరేకులు చూడండి, యువరాజుగా ఉన్న శివస్కందవర్మ కంచి నుంచి ధాన్యకటకంలో ఉన్న అధికారికి పంపిన ఆజ్ఞ అది, ప్రాకృతంలో ఉంటుంది. ధాన్యకటకం అంటే ఇవాళ్టి అమరావతి పక్కనున్న ధరణికోట. అప్పట్లో అక్కడి ఆఫీసరు కంచి నుంచి వచ్చే ఉత్తరం కోసం ఎదురుచూసేవాడన్నమాట.

కంచి అంటే కోట, సైన్యం మాత్రమే అనుకోకండి, పెద్ద చదువుల ఊరు. ఇక్కడి విద్యాపీఠాన్ని ఘటిక అనేవారు. కర్ణాటకలో కదంబ రాజ్యాన్ని స్థాపించిన మయూరశర్మ చదువుకోవడానికి ఇక్కడికే వచ్చి, ఓ పల్లవ ఆశ్వికుడితో గొడవపడి, దర్భ పట్టిన చేత్తో కత్తి పట్టాడని తాళగుంద శాసనం చెబుతుంది. 640 ప్రాంతంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఇక్కడ వంద దాకా బౌద్ధ విహారాలు, పదివేల మంది భిక్షువులు ఉన్నారని రాశాడు. నలందాకి అధిపతి అయిన ధర్మపాలుడు పుట్టింది ఈ ఊళ్లోనే అని కూడా రాశాడు. ఇప్పుడు ఆ విహారాల్లో ఒక్కటీ కనిపించదు.

ఇక దారి. రైలైతే బీచ్ స్టేషన్ నుంచి తాంబరం, చెంగల్పట్టు మీదుగా వెళ్లే లోకల్ ఉంది, చవక, కానీ చుట్టూ తిప్పుతుంది. కారులో అయితే పూనమల్లి, శ్రీపెరంబుదూర్ మీదుగా బెంగళూరు హైవే. నా మాట వింటే కారులోనే వెళ్లండి, ట్రాఫిక్ మొదలవకముందే, అయిదున్నరకల్లా ఇల్లు దాటండి, ఎందుకంటే ఈ రోడ్డు మీదే కంచి కథలు మొదలవుతాయి.

పూనమల్లి దాటగానే తిరుమళిశై వస్తుంది. కారు ఆపక్కర్లేదు, కథ మొదలుపెట్టండి. తిరుమళిశై ఆళ్వార్ శిష్యుడు కణికణ్ణన్ కంచిలో ఉండేవాడు. మీ గురువుగారితో నా మీద ఓ పాట పాడించు అన్నాడు పల్లవ రాజు. ఆయన నరులని పాడరు అన్నాడు శిష్యుడు. అయితే ఊరు వదిలి పో అన్నాడు రాజు. శిష్యుడు వెళ్తుంటే గురువు కూడా లేచాడు, లేస్తూ లేస్తూ గుళ్లో పడుకున్న పెరుమాళ్‌తో, కణికణ్ణన్ వెళ్లిపోతున్నాడు, నేనూ వెళ్తున్నాను, నువ్వు కూడా నీ పాము పడకని చుట్టుకుని వచ్చేయ్ అన్నాడు. స్వామి నిజంగానే పడక చుట్టుకుని వెనకాలే నడిచాడు. కంచి చీకటైపోయింది. రాజు పరుగెత్తి వెళ్లి కాళ్ల మీద పడితే, సరే, ఇప్పుడు తిరిగి వెళ్లి పడుకో అన్నాడట ఆళ్వార్. అలా చెప్పినట్టల్లా విన్నాడు కాబట్టి ఆయన్ని యథోక్తకారి అంటారు. గుడి కంచిలోనే ఉంది, వరదరాజస్వామి గుడికి వెళ్లే దారిలో. తిరిగొచ్చి పడుకోవడం వల్ల మామూలు శయన మూర్తికి తిరగేసి ఉంటాడని చెబుతారు. సాయంత్రం అక్కడికి వెళ్లినప్పుడు పిల్లలు వాళ్లంతట వాళ్లే తల ఎటుందో వెతుకుతారు, మీరేం చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత శ్రీపెరంబుదూర్, రామానుజాచార్యులు పుట్టిన ఊరు. ఆయన చదువుకున్నదీ, వరదరాజస్వామికి అభిషేకజలం మోసి సేవ చేసిందీ కంచి చుట్టుపక్కలే.

ఊళ్లో అసలు టెన్షన్ అంతా టైమ్ గురించే. గుళ్లు మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకల్లా మూసేస్తారు, మళ్లీ తెరిచేది నాలుగు తర్వాతే. చాలామంది ముందు కామాక్షి గుడికి వెళ్లి క్యూలో పదకొండు దాకా నిలబడిపోతారు, ఇక చరిత్ర ఉన్న గోడలు చూడటానికి టైమ్ మిగలదు. మీరు క్రమం తిరగెయ్యండి. పొద్దున శాసనాలు, శిల్పాలు ఉన్న పల్లవుల గుళ్లు, సాయంత్రం దర్శనాలు. వెంట పెద్దవాళ్లు ఉంటే, పిన్నీ, కామాక్షి సాయంత్రం దీపాల వేళ ఇంకా బావుంటుంది అని ముందు రోజే ఒప్పించి పెట్టుకోండి. ఓ చిన్న టార్చ్, మంచినీళ్లు, పాత సాక్సులు పెట్టుకోండి. పది దాటితే రాళ్లు కాలిపోతాయి.

మొదట కైలాసనాథ దేవాలయం, ఊరికి పడమటి చివర. రాజసింహుడు ఎనిమిదో శతాబ్దం మొదట్లో కట్టించాడు. దీనికి కనీసం గంటన్నర ఇవ్వండి, నా దృష్టిలో కంచి మొత్తంలో ఇదే ముఖ్యం. లోపలికి అడుగు పెట్టగానే గర్భగుడి వైపు పరుగెత్తకుండా ప్రాకారం వెంబడి నడవండి. గోడకి ఆనుకుని వరసగా చిన్న చిన్న గుళ్లు, మొత్తం 58 ఉన్నాయి, ఒక్కోదాంట్లో ఒక మనిషి వంగి కూర్చునేంత చోటు. కింద పునాది గట్టి నల్లరాయి, పైనదంతా ఇసుకరాయి. ఇసుకరాయి అరిగిపోతుందని తర్వాతి కాలాల్లో సున్నం పూశారు, అది పెచ్చులూడిన చోట లోపలి పల్లవ శిల్పం ముక్కు, చేతి వేళ్లు బయటపడతాయి. పూతలో మొద్దుగా ఉన్న ముఖానికీ, కిందున్న అసలు ముఖానికీ తేడా మీకే తెలుస్తుంది. కొన్ని గూళ్ల లోపల రంగులు మిగిలి ఉన్నాయి. టార్చ్ నేరుగా కొట్టకుండా ఏటవాలుగా పట్టి చూస్తే ఎర్రటి గీతలు, ఓ కిరీటం అంచు, సోమాస్కందుల (శివపార్వతులు, వాళ్ల మధ్య బాల స్కందుడు) బొమ్మలో కొంత భాగం కనిపిస్తాయి. ఎవరూ చూడట్లేదు కదా అని ముట్టుకోకండి, పదమూడు వందల ఏళ్ల రంగు అది.

ఆ గూళ్ల అడుగున నల్లరాయి మీద అక్షరాలు చూడండి. అవన్నీ రాజసింహుడి బిరుదులు, వరసలు వరసలుగా, రకరకాల లిపుల్లో. అత్యంతకామ, రణజయ, శ్రీభర, ఆగమప్రియ, శివచూడామణి, ఇలా వందల్లో ఉన్నాయి. రాజు తన గురించి తానే చెప్పుకుంటాడు అన్నానే, అది ఇదే. ముందు వరసలో ఉన్న చిన్న గుళ్లలో ఒకటి అతని రాణి రంగపతాక కట్టించింది, ఆవిడ పేరుతో శాసనం ఉంది.

ఇప్పుడు ప్రధాన విమానం చుట్టూ, బయటి పునాది రాతి మీద నడిచే సంస్కృత శాసనం దగ్గరికి రండి. అందులో ఒక శ్లోకం ఉంది. కృతయుగంలో దుష్యంతుడి లాంటి రాజులు ఆకాశవాణి విన్నారంటే సరే, ఈ కలియుగంలో శ్రీభరుడు ఆకాశవాణి వినడం ఎంత ఆశ్చర్యం అని. శ్రీభరుడంటే రాజసింహుడే. ఏం విన్నాడో మాత్రం శాసనం చెప్పదు.

కథ చెబుతుంది. చెన్నై నుంచి అరక్కోణం లోకల్ ఎక్కితే తిరునిన్రవూర్ అని ఒక స్టేషన్ వస్తుంది కదా, ఆ ఊళ్లో పూసలార్ అనే పేద శివభక్తుడు ఉండేవాడు. గుడి కట్టాలని కోరిక, చేతిలో చిల్లిగవ్వ లేదు. దాంతో మనసులోనే కట్టడం మొదలుపెట్టాడు. పునాది తవ్వాడు, రాయి రాయి పేర్చాడు, శిఖరం ఎత్తాడు, బావి తవ్వించాడు, కుంభాభిషేకానికి ముహూర్తం కూడా పెట్టుకున్నాడు, అంతా మనసులోనే. సరిగ్గా అదే రోజుకి కంచిలో పల్లవ రాజు తన రాతి గుడికి ముహూర్తం పెట్టాడు. ముందు రోజు రాత్రి శివుడు రాజుకి కలలో కనిపించి, రేపు నాకు తిరునిన్రవూర్‌లో పూసలార్ గుళ్లో పని ఉంది, నీది ఇంకో రోజుకి మార్చుకో అన్నాడు. రాజు పరివారంతో ఆ ఊరు వెళ్లి గుడి ఎక్కడ అని అడిగితే ఊరివాళ్లు తెల్లబోయారు. చివరికి పూసలార్ ఇంటి ముందు నిలబడి విషయం తెలుసుకుని అతని కాళ్లకి మొక్కాడు. పన్నెండో శతాబ్దంలో శేక్కిళార్ తమిళంలో రాసిన శివభక్తుల కథల గ్రంథం పెరియ పురాణంలో ఈ కథ ఉంది. ఆ రాతి గుడి ఈ కైలాసనాథమే అని నమ్మకం, తిరునిన్రవూర్‌లో హృదయాలీశ్వరుడికి గుడి కూడా ఉంది. రాజు ఆకాశవాణి విన్నానని రాతిలో చెక్కించుకున్నాడు. నీ వంతు తర్వాతే అందా వాణి, అని ఊరు చెప్పుకుంది. ఆ శాసనం పక్కనే నిలబడి ఈ కథ చెప్పండి, ఇంకెక్కడ చెప్పినా ఇంత బలం రాదు.

బయటికి వచ్చే ముందు మండపం స్తంభం మీదున్న కన్నడ శాసనం కూడా చూడాలి. 740 ప్రాంతంలో బాదామి చాళుక్యుడు రెండో విక్రమాదిత్యుడు కంచిని గెలిచాడు. వంద ఏళ్ల కిందట వాతాపిని దోచిన ఊరు, తగలబెట్టినా అడిగేవాడు లేడు. కానీ ఈ గుడి సంపద చూసి, దాన్ని తీసుకోకుండా దేవుడికే తిరిగి ఇచ్చేశాడు, ఆ సంగతే శాసనంలో రాయించాడు. ఈ అక్షరాలు చెరిపినవాడికి ఘటికలోని పెద్దలను చంపినవాడి గతి పడుతుందని శాపం కూడా ఉంది. అంటే శత్రువు లెక్కలో కూడా అంతకు మించిన పాపం లేదన్నమాట. ఆ తర్వాత అతని రాణులు కర్ణాటకలోని పట్టదకల్లులో కట్టించిన విరూపాక్ష, మల్లికార్జున ఆలయాలలో ఈ గుడి పోలిక స్పష్టంగా ఉంటుంది.

అక్కడి నుంచి నేరుగా వైకుంఠ పెరుమాళ్ గుడికి వచ్చేయండి, పదిన్నరలోపు చేరితే మంచిది. జనం తక్కువ ఉంటారు. నందివర్మ కట్టించింది, మూడు అంతస్తుల్లో స్వామి కూర్చుని, పడుకుని, నిలబడి ఉంటాడు. దండం పెట్టుకుని చుట్టూ ఉన్న వసారాలోకి రండి. సింహాల స్తంభాల వెనక గోడంతా రెండు వరసల్లో శిల్పాలు, అదంతా పల్లవ వంశ చరిత్ర. విష్ణువు, బ్రహ్మ, అంగిరసుడు, బృహస్పతి, భరద్వాజుడు, ద్రోణుడు, అశ్వత్థామ, ఆ తర్వాత పల్లవుడు అనే మూలపురుషుడు, అక్కడ్నించి రాజులు. ఎక్కడ పురాణం ఆగి చరిత్ర మొదలైందో ఆ గోడ మీద గీత ఏమీ ఉండదు, మీరే కనిపెట్టాలి. ఇలా కనిపెట్టడం పిల్లలకి మంచి ఆట.

అక్కడ అసలు ఘట్టం నందివర్మ పట్టాభిషేకం. 730 ప్రాంతంలో, రాజసింహుడి తర్వాత వచ్చిన రాజు వారసుడు లేకుండా చనిపోయాడు. మంత్రులు, ఘటిక పండితులు, ఊరి పెద్దలు కలిసి, పల్లవుల్లోనే దూరపు శాఖకి చెందిన హిరణ్యవర్మ దగ్గరికి వెళ్లారు. ఆయన కొడుకులు నలుగురిని, శ్రీమల్లుడు, రణమల్లుడు, సంగ్రామమల్లుడు, పల్లవమల్లుడు, మీలో ఎవరు వస్తారు అని అడిగితే పై ముగ్గురూ రామన్నారు. చివరివాడు నేను వస్తానన్నాడు. వాడికి పన్నెండేళ్లు. తండ్రి మనసు ఒప్పుకోలేదు, పెద్దలు నచ్చజెప్పాల్సి వచ్చింది. శిల్పాల మీదే చిన్న చిన్న వాక్యాలు చెక్కి ఉన్నాయి, ఏ బొమ్మలో ఏం జరుగుతోందో చెబుతూ. ఒకచోట ముందు పెట్టినవి చూసి ఇవి ఏనుగు తలలా అన్నట్టు మాట వస్తే, కావు, నీ కొడుకు ధరించబోయే కిరీటాలు అంటాడు ఒక ముసలాయన. రాజ్యం బరువు ఎంత ఉంటుందో పిల్లాడి తండ్రికి అలా కనిపించింది అనిపిస్తుంది నాకు. ఆ పిల్లాడే నందివర్మగా అరవై ఏళ్లకు పైగా ఏలాడు, ఈ గుడి కట్టించాడు. శిల్పాలు బాగా అరిగిపోయాయి, మొహాలు పోల్చుకోవడం కష్టం, అయినా తొందరపడకుండా గుంపుల్ని చూడండి. ఎవరు కూర్చున్నారు, ఎవరు చేతులు కట్టుకుని నిలబడ్డారు, గుర్రాలు ఎటు నడుస్తున్నాయి అనేది అర్థమైతే కథ అర్థమవుతుంది.

టైమ్ మిగిలితే పన్నెండులోపు ఏకాంబరేశ్వరుడి గుడి, లేకపోతే సాయంత్రం. దక్షిణ రాజగోపురం 1509లో మన కృష్ణదేవరాయలు కట్టించింది, ఎత్తు 190 అడుగుల పైమాటే. అంతకన్నా చాలా ముందే 1249లో కాకతీయ గణపతిదేవుడి శాసనం ఈ గుళ్లోకి వచ్చింది. కథల విషయానికొస్తే, అమ్మవారు మామిడిచెట్టు కింద ఇసుకతో లింగం చేసి పూజిస్తుంటే నది పొంగి వచ్చిందని, కొట్టుకుపోకుండా ఆవిడ లింగాన్ని కావలించుకుందని చెబుతారు. ఇది పృథ్వీలింగం కాబట్టి నీళ్లతో అభిషేకం చేయరు. పాత మామిడిచెట్టు ఎండిపోయింది, దాని మాను దాచిపెట్టారు, ఇప్పుడున్నది కొత్తది. ఇంకో కథ మన చెన్నైలోనే మొదలవుతుంది: తిరువొత్తియూర్‌లో భార్య సంగిలికి ఇచ్చిన మాట తప్పి రెండు కళ్లూ పోగొట్టుకున్న శివభక్త కవి సుందరర్, కంచి ఏకాంబరుడి ముందు పాడి ఎడమ కన్ను తిరిగి పొందాడు. రెండోది రావడానికి తిరువారూర్ దాకా నడవాల్సి వచ్చింది.

మధ్యాహ్నం భోజనం, కాసేపు నీడ. చీరలు కొనాలంటే ఈ నాలుగు గంటలే వాడండి. కొట్టుకి వెళ్లే ముందు మగ్గం ఉన్న ఏదైనా ఇంట్లో అడిగి ఒక్కసారి నేత చూస్తే, అంచు వేరే రంగులో కలిపి నేయడానికి పక్కన ఇంకో మనిషి ఎందుకు కావాలో తెలుస్తుంది.

నాలుగు దాటాక కామాక్షి. పాత కంచి శివాలయాల్లో వేటిలోనూ అమ్మవారికి వేరే సన్నిధి ఉండదంటారు, ఊరంతటికీ ఈవిడే. ఈ గుడికి తెలుగు సంగీతంతో ఓ గట్టి సంబంధం ఉంది. యుద్ధాల రోజుల్లో ఇక్కడి బంగారు కామాక్షి విగ్రహాన్ని అర్చకులు రహస్యంగా తీసుకుని ఊళ్లు పట్టుకుని తిరిగి, చివరికి తంజావూరు చేర్చారు. కర్ణాటక సంగీత త్రిమూర్తుల్లో ఒకడైన శ్యామశాస్త్రి ఆ అర్చకుల వంశంలోనే పుట్టాడు. ఆయన తెలుగులో కామాక్షి మీద పాడినవి చాలామటుకు తంజావూరులో ఉన్న ఆ బంగారు తల్లి మీదే. విగ్రహం మళ్లీ కంచికి రాలేదు. ఈ సంగతి తెలిసి గుళ్లో నిలబడితే దర్శనం వేరేలా ఉంటుంది.

చివరిగా యథోక్తకారి, ఆ పక్కనే వరదరాజస్వామి. ఇక్కడ జనమంతా బంగారు, వెండి బల్లుల కోసం క్యూ కడతారు. గౌతమ మహర్షి శిష్యులు శాపం వల్ల బల్లులయ్యారని కథ, ముట్టుకుని రండి. కానీ నూరుకాళ్ల మండపాన్ని మాత్రం వదలకండి, ఒకే రాతిలో చెక్కిన గొలుసులు మూలల్లో వేలాడుతుంటాయి. 1316లో కాకతీయ ప్రతాపరుద్రుడి సేనాని ముప్పిడి నాయకుడు కంచిని పట్టుకున్నాడు, ఆ శాసనం ఈ గుళ్లోనే ఉంది. ఓరుగల్లు నుంచి ఇంత దూరం వచ్చారా అనిపిస్తుంది. గుడి కోనేరు అనంతసరస్సులో నీళ్ల అడుగున ఉండే అత్తి వరదర్‌ని, అంటే అత్తి (మేడి) చెక్కతో చేసిన వరదరాజస్వామిని 1979లో, 2019లో బయటికి తీశారు, మళ్లీ 2059లోనే. ఉత్సవమూర్తిది కూడా బంగారు కామాక్షి లాంటి కథే, 1688లో దండయాత్రల భయంతో ఉడయార్‌పాళయం తీసుకెళ్లి దాచారు, 1710లో గానీ తిరిగి రాలేదు. తేడా ఏంటంటే, ఈయన తిరిగొచ్చాడు. బయటికి వచ్చేటప్పుడు ప్రసాదం స్టాల్లో కోవెల ఇడ్లీ ఉంటే తీసుకోండి, మిరియాలు, శొంఠి ఘాటు గట్టిగా తగులుతుంది.

ఇంకో పని మిగిలి ఉంటుంది, అది చెన్నైలోనే. కంచిలో కనిపించని బౌద్ధం ఎగ్మూర్ మ్యూజియంలో ఉంది, కామాక్షి గుడి ఆవరణలో దొరికిన నిలువెత్తు బుద్ధుడు అక్కడే ఉన్నాడు. అమరావతి నుంచి తెచ్చిన పల్లవ సింహవర్మ శాసనస్తంభం కూడా ఆ మ్యూజియానిదే, అశ్వత్థామకీ మదని అనే అప్సరసకీ పుట్టిన బిడ్డ చిగురాకుల మీద పడుకున్నందుకు పల్లవుడయ్యాడని (పల్లవం అంటే చిగురు) చెప్పేది ఆ స్తంభమే. వైకుంఠ పెరుమాళ్ గోడ మీద చూసిన వంశం గుర్తున్నప్పుడే, అంటే ఆ పై వారమే వెళ్లండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు, ఆదివారం పొద్దున పెట్టుకోండి.